రుమాలు వేసిన సీటు

మార్చి 4, సోమవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా ఆవిడ నోట్‌బుక్ కొని తెచ్చి బల్ల మీద పెట్టి రెండు రోజులైంది. నేను దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాను. అట్ట మీద గుండ్రంగా మరక కూడా పడింది. రాయడం నాకు పడదు. చెప్పేటప్పుడైతే ఎదుటివాడి మొహం కనబడుతుంది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెంపాలో ఆ మొహమే చెబుతుంది. కాగితానికి మొహం ఎక్కడిది?

కానీ నోరు కట్టేశారు. లోపల మాటలు ఊరిపోతున్నాయి. ఎక్కడో ఒకచోట వంపాలి.

సంగతి ఇది. నా ఎడమ కింది దవడలో ఒక నీటితిత్తి ఏళ్ళ తరబడి కాపురం చేసింది. నొప్పి లేదు, వాపు లేదు. అద్దెకున్న మంచివాళ్ళలా చడీచప్పుడు లేకుండా ఉండి, ఇల్లు మాత్రం లోపల్నుంచి తినేసింది. దవడపళ్ళు రెండు వదులై ఊడివస్తే ఎక్స్‌రే తీశారు. కోడిగుడ్డంత నల్లటి గుంత. "గుడ్డు చుట్టూ పెంకే మిగిలింది బాబాయ్. గట్టిగా ఆవలిస్తే విరుగుతుంది," అంది చిన్న డాక్టరు. శుక్రవారం తిత్తి తీసేసి, ఆ గుంతలో జెల్ నింపి, పైన చిగురు కుట్టేసింది.

చిన్న డాక్టరంటే, నేను నా జీవితమంతా ఏ పళ్ళ డాక్టరుకు కట్టుడు పళ్ళ సెట్లు చేసిపెట్టానో ఆయన కూతురు. చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా నా వర్క్‌షాపుకు వచ్చి మైనంతో ఏనుగులు చేసేది. దంతాలు ఉండాల్సిన చోట రెండు దవడపళ్ళు గుచ్చేది. "ఇది నమిలే ఏనుగు," అనేది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో దవడలు కోస్తోంది.

ఆపరేషన్‌కు ముందు ఆ జెల్‌ను సిరంజిలో చూపించింది. కుర్రాళ్ళు జుట్టుకు రాసుకునేదానిలా ఉంది. ముప్పాతిక పైన నీళ్ళేనట.

"నీళ్ళతో ఎముక కడతావా తల్లీ?" అన్నాను. అప్పటికి నాకు నోరుంది.

"నేను కట్టను బాబాయ్. మీ ఎముకే కట్టుకుంటుంది. గుంత ఖాళీగా వదిలేశామనుకోండి, చిగురు కిందికి దిగి కూర్చుంటుంది. ఇంక ఎముకకి చోటుండదు. ఇది ఆ చోటు ఆపి ఉంచుతుందంతే. చుట్టూ ఉన్న ఎముకలోంచి కణాలు మెల్లగా ఇందులోకి పాకుతాయి. అవి వస్తున్నకొద్దీ ఇది కరిగిపోతుంది."

అర్థమైంది. బస్సులో కిటికీలోంచి సీటు మీదికి విసిరే రుమాలు. మనిషి ఎక్కేదాకా ఆ చోటు ఒకరిదని చెబుతూ పడి ఉంటుంది. తను ప్రయాణం చెయ్యదు. నేనీ మాట అంటే పిల్ల నవ్వి, "ఇకమీదట అందరికీ ఇలాగే చెబుతా," అంది.

"రుమాలు కుదరకపోతే?"

నవ్వు ఆపింది. "తుంటిలోంచి ఎముక ముక్క కోసి తెచ్చి, పక్కన లోహపు పట్టీ వేసి బిగించాలి. అది పెద్ద ఆపరేషన్ బాబాయ్." నా వయసుకు తట్టుకోలేనని అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

గట్టివి నమలకూడదు. అక్కడ వేలు పెట్టకూడదు, నాలుక పెట్టకూడదు. రెండు వారాలు మాట్లాడకూడదు. కుట్లు సాగితే జెల్ బయటికొస్తుందట. "అంటే బొత్తిగా..." అనబోయాను.

"ఇదిగో, ఇదే వద్దన్నది," అంది.

మార్చి 5

నాలుక దానంతటది అక్కడికే వెళుతోంది. నేను పంపడం లేదు.

మార్చి 6

మా ఆవిడ ఒక పలక కొని తెచ్చింది. చిన్నపిల్లల పలక. మెడలో వేసుకోవడానికి తాడు కూడా కట్టింది. అందులో నాలుగు మాటలకు మించి పట్టవు. 'టీ', 'చాలు', 'ఫ్యాను'. ఇంతేనా మనిషి బతుకు? ఒక సంగతి మొదలుపెట్టి పలక నిండేసరికి ఇంకా కథలో వాన కూడా మొదలవదు.

పొద్దున్నుంచి వరండాలోకి, వంటింట్లోకి, మళ్ళీ వరండాలోకి తిరుగుతున్నాను. "కాస్త ఒకచోట కూర్చోండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంటోంది.

ఇంకొకటి గమనించాను. ఈవిడ మాట్లాడుతోంది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ. మొదట నాతో కాదనుకున్నాను. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది, మిషన్లు వచ్చి ఆ కుర్చీలు తీసేసేదాకా. రోజంతా చెవికి తొడుగు పెట్టుకుని వైర్లు గుచ్చడం, పీకడం. ఆ కుర్చీలో ఆవిడకున్నవి మూడే మాటలు: "నంబరు చెప్పండి", "లైన్లో ఉండండి", "మాట్లాడండి". సాయంత్రం ఇంటికొచ్చాక మాట్లాడే పని నేను చూసుకునేవాణ్ణి. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఇవాళ ఉన్నట్టుండి ఒక జంట సంగతి చెప్పింది. ప్రతి గురువారం ఫోన్లో పోట్లాడుకునేవాళ్ళట. మధ్యలో లైను కట్ అయితే ఇద్దరూ కలిసి ఈవిణ్ణి తిట్టేవాళ్ళట. "నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఒక్కమాట మీదుండేవాళ్ళండీ. వాళ్ళ కాపురం నా వల్లే నిలబడింది," అంది.

నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. ఇదెప్పుడూ చెప్పలేదే అని పలక మీద రాశాను.

"చెప్పబోయాను. మీరు ఏదో చెబుతున్నారు," అంది.

మార్చి 8

ఇంట్లో ఉండలేక దర్జీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. కొట్టు ముందు బల్ల నా సింహాసనం. దర్జీ మిషన్ తొక్కుతూ వింటాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్ బల్ల చివర కూర్చుని అన్నీ తనకు ముందే తెలిసినట్టు తలాడిస్తాడు. ఎన్నేళ్ళుగానో ఇదే సభ.

"రండి రండి గురువుగారూ! ఇవాళ మీకు సెలవు. నేను చెబుతా, మీరు వినండి," అన్నాడు దర్జీ. చెప్పడం మొదలుపెట్టాడు. నా కథ! హెడ్మాస్టరు కథ!

అసలు కథ ఇది. ఇక్కడైనా సరిగ్గా ఉండాలి. ఒక హెడ్మాస్టరుకు కొత్త సెట్టు చేశాను. ముందు పళ్ళ మధ్య సన్నటి సందు ఉండిపోయింది. ఆయన ఏం మాట్లాడినా మధ్యలో ఈల. మైదానంలో నిలబడి, "పిల్లలూ, శ్రద్ధగా వినండి," అంటే చాలు, ఈల మోగి పరుగుపందెం పిల్లలు పరుగెత్తేవాళ్ళు. ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చాడు. సందు పూడ్చేశాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, గొంతు తగ్గించి, "ఆ ఈల మళ్ళీ పెట్టగలరా?" అన్నాడు. "ఏం సార్?" అంటే, "ఇప్పుడెవడూ వినట్లేదయ్యా," అన్నాడు.

అదీ కథ. ఆ చివరి ముక్క దగ్గర రెండు క్షణాలు ఆగాలి. దర్జీ ఏం చేశాడు? "ఈల మళ్ళీ కావాలని అడిగిన హెడ్మాస్టరు ఒకడున్నాడు," అని మొదలుపెట్టాడు! వంట వండకముందే పళ్ళెం కడిగేశాడు. పోస్ట్‌మ్యాన్ తలాడించి, "ఆయన హెడ్మాస్టరు కాదు, పోలీసాయన," అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కుని పోలీసును చేసేశారు.

పలక మీద 'కాదు' అని రాసి చూపించాను. కళ్ళజోడు లేదన్నాడు దర్జీ. సూదిలో దారం మాత్రం ఎక్కిస్తున్నాడు.

మార్చి 9

పోలీసట.

మార్చి 15, శుక్రవారం

కుట్లు తీసేసింది. చిగురు అతుక్కుంది, బాగుంది అంది. కొద్దిగా మాట్లాడొచ్చు, అవసరమైతేనే. "మీ అవసరం కాదు బాబాయ్, నా అవసరం. నొప్పి ఉందా, జ్వరం ఉందా, ఇలాంటివి." అక్కడ పళ్ళు పెట్టే ఆలోచన ఎముక నిండేదాకా వద్దంది. నేను అడగకుండానే ఎందుకంది?

ఆసుపత్రి నుంచి తిన్నగా బల్ల దగ్గరికి పోయాను. అవసరం ఉంది. పోలీసు సంగతి తేల్చాలి.

నోరు తెరిచాను. ఎడమ పెదవి ఇంకా మొద్దుబారే ఉంది, ఆ పక్క పళ్ళూ లేవు. మాటకు ముందు గాలి. 'హెడ్మాస్టరు' అన్నది టైరులో గాలి తీసినట్టు వచ్చింది. దర్జీ మిషన్ ఆపేశాడు. పోస్ట్‌మ్యాన్ కూడా తలాడించడం ఆపాడు.

"ఇంక కథెందుకు గురువుగారూ, హెడ్మాస్టరే దిగొచ్చాడు!" అన్నాడు దర్జీ. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి నవ్వారు.

నేనూ నవ్వాను. వాడు నవ్వించాడు కాబట్టి నవ్వాను. అంతకంటే ఏమీ లేదు.

మార్చి 16

వర్క్‌షాపు తాళం తీశాను. ఊరికే, దుమ్ము దులుపుదామని. మైనం ఎండిపోలేదు. గులాబీ రంగు పొడి డబ్బా అడుగున ఇంకా కొంచెం ఉంది. ఆకురాళ్ళన్నీ వరుసలో ఉన్నాయి.

నేను ఏ కాలేజీకీ పోలేదు. పెద్ద డాక్టరు పారేసిన విరిగిన సెట్లు ఏరుకొచ్చి, విప్పి, మళ్ళీ అతికించి నేర్చుకున్నాను. ఎముకల గురించి పాత పుస్తకాల కొట్లో అట్ట లేని పుస్తకం కొని చదివాను. అట్ట లేదు కాబట్టి అది ఏ పుస్తకమో ఇప్పటికీ తెలియదు. ఇరవయ్యో పేజీ నుంచి తెలుసు.

ఖాళీ కనబడితే కొలత తీయడం చేతికి అలవాటు. మనిషి నవ్వితే నేను నవ్వు చూడను, సందు చూస్తాను.

మార్చి 17

మా ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా కొలత తీసుకున్నాను. మెత్తటి మైనం, తగిలీ తగలనట్టు. కొలత తీయడమంటే పెట్టుకోవడం కాదు.

మార్చి 19

ప్లేటు అయింది. రెండు దవడపళ్ళు, చిన్న గులాబీ గట్టు, పక్క పంటికి తగిలించే తీగ. చేతిలో పని ఇంకా పోలేదు. పెట్టుకోను. చేసి చూసుకున్నానంతే.

మార్చి 20

అద్దం ముందు, కాసేపు. ఒత్తుకోలేదు.

మార్చి 21

అద్దం ముందు.

మార్చి 22

అద్దం ముందు. తర్వాత అద్దం లేకుండా. "హెడ్మాస్టరు, శ్రద్ధగా, ఈల." గాలి లేదు. మొదట కొంచెం వదులుగా ఉంటే తీగ ఇంకాస్త బిగించాను. వదులు ప్లేటు కదిలి ఒరుసుకుంటుంది, బిగువే మంచిది. ఇది వృత్తిలో ఎవరినడిగినా చెబుతారు.

మార్చి 24, ఆదివారం

పొద్దున మా ఆవిడ బఠాణీలు ఒలుస్తూ ఒక సంగతి ఎత్తుకుంది. ఒకాయన వారానికోసారి దూరపు ఊళ్ళో ఒక నంబరుకు ఫోన్ కలపమనేవాడట. అవతల మోగేది, మోగేది, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఈవిడ, "జవాబు లేదండీ, తీసెయ్యమంటారా?" అంటే, "తొందరేం లేదమ్మా, కాసేపు మోగనివ్వండి," అనేవాడట.

"ప్రతి వారం అంతే. మోగనివ్వండి, మోగనివ్వండి. ఒకరోజు నేనుండబట్టలేక అడిగేశాను..." అంది.

అప్పటికి బల్ల దగ్గర సభ మొదలై ఉంటుంది. నేను చెప్పులు వేసుకుంటున్నాను. వచ్చి వింటానన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడ మళ్ళీ బఠాణీల మీదికి తల దించుకుంది.

ఇక బల్ల దగ్గర ఏం జరిగిందో రాయాలి, రాసి తీరాలి. మలుపు దగ్గర గోడకు తిరిగి ప్లేటు పెట్టుకున్నాను. కూర్చున్నాను. దర్జీ ఏదో అనబోతుంటే చెయ్యెత్తి ఆపాను. మొదటి నుంచి మొదలుపెట్టాను. మైదానం, ఎండ, గీత మీద వంగి నిలబడ్డ పిల్లలు. ఒక్క మాటలోనూ గాలి పోలేదు. ఇద్దరు బట్టలు కుట్టించుకోవడానికొచ్చి నిలబడిపోయారు. చివర తలుపు దగ్గర హెడ్మాస్టరును నిలబెట్టి, ఆగాను. మూడు క్షణాలు ఆగాను. మిషన్ చప్పుడు కూడా లేదు. అప్పుడు చెప్పాను.

దర్జీ కళ్ళు తుడుచుకుంటూ, "హెడ్మాస్టరే! హెడ్మాస్టరే!" అన్నాడు. పోస్ట్‌మ్యాన్ బల్ల మీద చరిచాడు. ఇంకొకటి చెప్పమన్నారు. ఇంకొకటి చెప్పాను. ఇంకొకటి.

మార్చి 25

నోరు ఉప్పగా ఉంది. జావలో ఉప్పు ఎక్కువైంది.

మార్చి 26

ఇవాళా ఉప్పు ఎక్కువే. చెబితే, "జావలో నేను ఉప్పే వెయ్యలేదు," అంది. ఆవిడకు మతిమరుపు మొదలైందేమో.

మార్చి 27

చొక్కా ఉతకడానికి తీస్తూ జేబులోంచి ప్లేటు బయటికి తీసింది. పగటి వెలుతురులో తిప్పి చూసింది.

"ఇదెవరి సెట్టండీ?"

పలక అందుకుని రాశాను: 'పాత గిరాకీది.'

"పాత గిరాకీకి నెత్తురు ఇంకా తడిగానే ఉందే," అంది.

తిట్టలేదు. ప్లేటును ఒక చిన్న గిన్నెలో వేసి, దాని మీద మూత పెట్టి, ఫోన్ దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, పిన్నిని మాట్లాడుతున్నా. రేపు తీసుకొస్తాను," అంది. మూడే మాటలు మాట్లాడే పాత గొంతు.

మార్చి 28

చిగురు మీద ప్లేటు అంచు పడిన చోట చీలింది. అందులోంచి జెల్ కొంత బయటికి పోయింది. నాకు ఉప్పగా అనిపించింది అదీ, నెత్తురూ. చిన్న డాక్టరు అద్దం పెట్టి చాలాసేపు చూసింది. గిన్నె మూత తీసి ప్లేటు కూడా చూసింది.

"పనితనం బాగుంది," అంది. తర్వాత పలక నా ఒళ్ళో పెట్టింది. "బాబాయ్, ఒకటడుగుతా, రాయండి. ప్లేటు కింద ఏళ్ళ తరబడి నొక్కుకుపోయిన ఎముక ఏమవుతుంది?"

'అరుగుతుంది.'

"మీ దగ్గరికొచ్చి సెట్టు వదులైందని గొడవపడేవాళ్ళకి ఏం చెప్పేవాళ్ళు?"

'సెట్టు వదులవలేదు, దవడ తగ్గింది.'

"ఎంతమందికి చెప్పారు?"

'అందరికీ.'

"మరి ఇది గట్టి ఎముక కూడా కాదు బాబాయ్. జెల్. ఇంకా లోపల ఎవరూ దిగలేదు." అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది. మా ఆవిడ గోడ మీద బొమ్మను చూస్తోంది. దవడ బొమ్మ.

కడిగి, పోయినంత మేర మళ్ళీ నింపి, మళ్ళీ కుట్టింది. చీము పట్టకపోతే నిలుస్తుందట. పడితే మొత్తం తీసెయ్యాలి, ఇక తుంటి ఎముకే. మందులు ఇచ్చింది. ఈసారి ఆరు వారాలు ఒక్క మాట కూడా వద్దంది. ఆ తర్వాత కూడా ఎక్స్‌రే చూసేదాకా అవునూ కాదూ తప్ప వద్దంది.

మనిషి ఎక్కాల్సిన సీటు. రుమాలు వేసి ఆపారు. వచ్చి దాని మీద నేనే కూర్చున్నాను.

మార్చి 30

జ్వరం. కొద్దిగా.

మార్చి 31

జ్వరం. ఆవిడ చెయ్యి నా నుదుటి మీద పెట్టి తీసింది.

ఏప్రిల్ 2

జ్వరం లేదు. చీము లేదు. ఫోన్లో చెబితే చిన్న డాక్టరు, "హమ్మయ్య," అంది. ఎంత గట్టిగా అందంటే నాకు మంచం మీదికి వినబడింది.

ఏప్రిల్ 6

ఇంట్లో చప్పుడు లేదు. ఆవిడ కూర తరుగుతుంది, కత్తి చప్పుడు. బట్టలు మడతపెడుతుంది, ఏ చప్పుడూ లేదు. మాట్లాడడం మానేసింది. కోపం కాదు. వేళకు మందు, వేళకు జావ. గ్లాసు పెట్టేటప్పుడు కూడా మెల్లగా పెడుతుంది.

వరండా, వంటిల్లు, వరండా. నాలుకను కింద తొక్కిపెట్టి తిరుగుతున్నాను.

ఆ ఫోన్ మనిషిని ఈవిడ ఏమని అడిగి ఉంటుంది?

ఏప్రిల్ 9

పలక మీద 'తర్వాత?' అని రాసి చూపించాను.

"ఏది తర్వాత?"

'ఫోన్ ఆయన.'

"అదా. ఇప్పుడెందుకులెండి," అని లేచి వెళ్ళింది.

ఏప్రిల్ 10

ఎవరింటికి చేస్తుంటాడు? అప్పుల వాడయితే ఎత్తకపోతే తిడతాడు. ప్రేమించినవాడయితే మోగనివ్వమనడు, మళ్ళీ చేస్తానంటాడు. పిచ్చివాడయితే "తొందరేం లేదమ్మా" అనడు. నేనైతే ఈ కథను ఇంకో రకంగా ఎత్తుకునేవాణ్ణి. అవతలి గదిలోంచి మొదలుపెట్టేవాణ్ణి.

ఏప్రిల్ 13

దర్జీ వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "నేనా రోజు నవ్వకుండా ఉండాల్సింది గురువుగారూ. మీరు లేకుండా ఆ కథ చెబితే ఒక్కడు నవ్వట్లేదు. పోస్ట్‌మ్యాన్ కూడా నిద్రపోతున్నాడు," అన్నాడు.

పలక మీద రాశాను: 'చివర ఆగాలి.'

ఈసారి కళ్ళజోడు లేకుండానే చదివాడు.

ఏప్రిల్ 21

పొద్దున బఠాణీల గంప ముందేసుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. సగం గిన్నె నిండింది.

"అడిగేశానండీ," అంది. ముందూ వెనకా లేకుండా. "అవతల ఎవరూ లేరని తెలిసి ఎందుకు చేస్తారండీ అని. రూల్ ప్రకారం అడక్కూడదు. ఆయనేమన్నాడంటే, అది మా ఇల్లేనమ్మా, తాళం వేసి వచ్చేశాను, అన్నాడు."

బఠాణీ చేతిలోంచి జారింది.

"భార్య పోయిందట. ఆ ఇంట్లో ఉండలేక తాళం వేసి ఈ ఊరొచ్చేశాడు. ఫోన్ తీయించలేదు. ముందు గదిలో చిన్న బల్ల మీద ఉంటుందట. ఆవిడెప్పుడూ మూడో మోతకి ఎత్తేదట, చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి అంత సేపయ్యేది. ఇక్కడ నుంచి మోగిస్తే ఆ గదిలో చప్పుడవుతుంది కదమ్మా, అన్నాడు. బొత్తిగా ఖాళీగా ఉండకూడదని."

నేను పలక కోసం చూడలేదు.

"అప్పట్నుంచీ ప్రతి వారం ఆయన కాల్ నేనే చూసుకునేదాన్ని. పక్కసీటు అమ్మాయి తీసుకోబోతే నాకివ్వమనేదాన్ని. నేనూ వినేదాన్నండీ, చెవి తొడుగు తియ్యకుండా. ఖాళీ ఇంట్లో మోగితే వేరేగా వినబడుతుంది. తరవాత ఒక వారం..."

ఆగింది. నా మొహం చూసింది. ఆగడం ఎవరి దగ్గర నేర్చుకుందో!

"ఒక వారం అవతల ఎవరో ఎత్తారు," అంది.

పలక అందుకున్నాను. ఆవిడ నవ్వి, ఒలిచిన తొక్కలు గంపలోకి ఎత్తుకుంది.

"మిగతాది మీకు నోరొచ్చిన రోజు చెబుతా. నోరు లేనప్పుడు ఎవరైనా వింటారు."

ఏప్రిల్ 22

ఎవరు ఎత్తారు?

మే 10

ఆరు వారాలు అయిపోయాయి. చిగురు మూసుకుంది. "అవును, కాదు. ఈ రెండే," అంది చిన్న డాక్టరు. ఇంటికి వచ్చాక ఆవిడ అన్నం మెత్తగా ఉందా అంటే "అవును" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అది నోరు రావడం కిందికి వస్తుందా అని పలక మీద రాస్తే, "కాదు," అంది. ఆవిడ కూడా ఆ రెండే వాడుతోంది.

మే 30

దొంగ అయ్యుంటాడు. తాళం పగలగొట్టి, ఫోన్ మోగుతుంటే కంగారులో ఎత్తి ఉంటాడు. కాదు. దొంగ ఎత్తడు.

జూన్ 16

వర్క్‌షాపు తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకని అడగలేదు. ఉప్పు డబ్బాలో వేసింది.

జూలై 5, శుక్రవారం

ఎక్స్‌రే. తెల్లారకముందే లేచి తయారై కూర్చున్నాను. ఆసుపత్రి బెంచీ మీద కుదురు లేదు. ఆవిడ నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కి పెట్టింది, అది ఊగిపోతుంటే.

చిన్న డాక్టరు పాత ఫిల్ము, కొత్త ఫిల్ము పక్కపక్కన వెలుతురు మీద పెట్టింది. పాతదాంట్లో నల్లటి గుడ్డు. కొత్తదాంట్లో గుడ్డు లేదు. అంచుల నుంచి లోపలికి తెల్లటి పొగలా కమ్ముకుని, మధ్యలో కలుసుకుంది.

"ఎముక బాబాయ్. మీ ఎముకే."

"మరి జెల్?" అన్నాను. అనుమతి అడగకుండానే వచ్చేసింది.

"లేదు. ఎప్పుడో కరిగిపోయింది. దాని పనే అది." వేలితో ఒక మూల చూపించింది. అక్కడ చిన్న నల్ల చుక్క. "ఇక్కడ మాత్రం నిండలేదు. ప్లేటు అంచు పడిన చోటు. ఇక నిండదు కూడా. ఈ మూల పన్ను పెట్టలేం. ఒక్కటే పెడతాను, రెండోది ఉండదు."

"ఎంత ఉంటుంది ఆ చుక్క?"

"పెసరగింజంత."

నలభై ఏళ్ళ పనితనం పెసరగింజంత ఉంది. నాకు రావాల్సినదానికంటే ఎక్కువే దక్కింది. తుంటి ఎముక తుంటిలోనే ఉంది.

"ఇక మాట్లాడొచ్చు. మెత్తటివాటితో మొదలుపెట్టి ఎడమ పక్క నమలొచ్చు కూడా," అంది. తలుపు దాకా వచ్చి, "బాబాయ్, రుమాలు సంగతి అందరికీ చెబుతున్నా. దాని మీద కూర్చోవద్దని కూడా చెబుతున్నా, పేరు చెప్పకుండా," అంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. మా ఆవిడ రొట్టె కాల్చింది. దర్జీ ఫోన్ చేశాడు, బల్ల దగ్గర అందరూ కూర్చున్నారట. తర్వాత చూద్దామని పెట్టేశాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక పాప ఎత్తిందండీ," అంది. "ఆయన తమ్ముడు ఈయనకి చెప్పకుండా ఆ ఇల్లు అద్దెకిచ్చేశాడు. పాప హలో అంది. ఈయన మాట్లాడడు. నేను లైన్లోనే ఉన్నా, ఊపిరి వినబడుతోంది. పాప మళ్ళీ హలో అంది. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు, కుళాయి పారుతోంది. అప్పుడీయన, అందరూ బాగున్నారామ్మా, అన్నాడు. బాగున్నాం, మీరెవరు అంది పాప."

ఇలాంటిదే నాకొకటి తెలుసు. తాళం వేసిన ఇల్లు, అందులో నేను చేసిన సెట్టు ఒకటి. నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక అలవాటుగా ఎడమ పక్కకు వెళ్ళింది. అక్కడ గట్టిగా ఉంది.

"ఏమన్నాడు?" అన్నాను.

"పొరపాటున కలిసింది తల్లీ, అన్నాడు. పెట్టేశాడు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదట, తరవాత తెలిసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ నంబరు అడగలేదు. ఆ మర్నాడు నాకొక ఫోన్..."

ఆవిడ చెబుతూనే ఉంది. రొట్టె అంచు తుంచి ఎడమ పక్కన పెట్టుకుని నమిలాను. ఏమీ కాలేదు.